మా వార్డు సరిహద్దు నడిచిన మనిషి

పోస్ట్‌మ్యాన్ అంకుల్ పోయారన్న కబురు మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. "ఏరా, పదో అంతస్తు అంకుల్ పొద్దున పోయారట్రా. నిద్రలోనే. వాళ్ళమ్మాయి వచ్చింది. నువ్వు పర్మిషన్ అడిగి తొందరగా రా" అంది. ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడైనా ఆ కోపం పక్కన పెట్టి రా" అని పెట్టేసింది.

మూత మళ్ళీ పెట్టేశాను. నిజం చెప్తున్నాను, ముందు వచ్చింది ఏడుపు కాదు. ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలుగా ఆయన్ని అడగాల్సినవి, ముఖం మీద అనాల్సినవి కూడబెట్టుకుంటున్నాను. ఒక్కటీ వినకుండా వెళ్ళిపోయాడు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, రాయడానికి చాలా ఉంది. కానీ ఆయన నాకు చేసిన ద్రోహం కూడా ఇందులోనే రాస్తాను. అది వదిలేసి రాస్తే సంతాప సభలో పూలదండ వేసినట్టు ఉంటుంది, ఆయన మాత్రం కనపడడు.

మేం కాకినాడ నుంచి సింగపూర్‌కి, జురాంగ్ వెస్ట్‌లో ఈ బ్లాకుకి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అన్ని ఫ్లాట్ల ఉత్తరాల పెట్టెలూ కింద ఒకే చోట, గోడకి బీరువా అరల్లా ఉంటాయి. ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వస్తుంటే యూనిఫాంలో ఉన్న పోస్ట్‌మ్యాన్ ఒక కవరు తిప్పి చూస్తూ నిలబడ్డాడు. కవరు ముందువైపు మా అడ్రసు ఇంగ్లీషులో ఉంది. వెనకవైపు పంపినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట తెలుగులో "అమ్మమ్మ" అని మాత్రమే ఉంది. ఆయన నన్ను చూసి తెలుగులో అడిగాడు.

"ఎవురి అమ్మమ్మ బాబూ ఈవిడ?"

నేను బిత్తరపోయాను. చైనావాళ్ళు, మలయ్‌లు, తమిళులు ఉన్న ఆ బ్లాకులో పోస్ట్‌మ్యాన్ తెలుగు చదవడమేమిటి? ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలేసియా రబ్బరు తోటలకి వెళ్ళారట. ఆయన అక్కడే పుట్టి, తోట బడిలో తెలుగు నేర్చుకుని, ఉద్యోగం కోసం వయసులో ఉన్నప్పుడే కిందికి, సింగపూర్‌కి వచ్చాడు. ఆయన తెలుగులో మా ఊళ్ళో ఎప్పుడో పోయిన మాటలు, ఇక్కడి మలయ్ మాటలు పక్కపక్కనే కూర్చునేవి. "ఏటి బాబూ, మకాన్ అయిందా?" అని అడిగేవాడు, భోజనమైందా అని. మొదట్లో మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. తర్వాత తర్వాత అమ్మ కూడా నన్ను అన్నానికి అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఉత్తరాలు మోసిన మనిషి కాబట్టి ఆయనకి బ్లాకు నంబర్లు ఎక్కాల్లా వచ్చేవి. రిటైరయ్యాక ఆ నంబర్లతో ఇంకో పని పెట్టుకున్నాడు. మా వార్డు చరిత్ర.

ఇక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ప్రతి ఎన్నికకీ ముందు నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీస్తారు. కొన్ని ఒంటి సీటు వార్డులు, ఒక మనిషి గెలుస్తాడు. కొన్ని పెద్దవి, నలుగురైదుగురు జట్టుగా నిలబడి జట్టుగా గెలుస్తారు. మా వార్డు నేల ఒకప్పుడు చిత్తడి, తర్వాత ఫ్యాక్టరీలు, తర్వాత ఫ్లాట్లు. ఫ్లాట్లు కొత్తగా కట్టినప్పుడు మాది ఒంటి సీటు. తర్వాత పశ్చిమాన ఉన్న పెద్ద నియోజకవర్గంలో కలిపేశారు. మళ్ళీ విడదీశారు. మళ్ళీ ఇంకో పెద్దదానిలో కలిపారు. "మన వార్డు నా కళ్ళ ముందే రెండుసార్లు పుట్టింది, రెండుసార్లు పోయింది బాబూ. చావు కబురు పేపర్లో మ్యాపులాగ వొస్తాది" అనేవాడు అంకుల్.

దీనికి తోడు వాకోవర్ అని ఒకటి ఉంది. నామినేషన్ రోజున ఒక్కళ్ళే నిలబడితే పోటీ లేదు, ఓటింగ్ లేదు, జనం ఇంట్లో కూర్చోవచ్చు. మా వైపు ఎక్కువసార్లు అదే జరిగింది. ఇన్నేళ్ళ పౌరుడు, జీవితంలో రెండే రెండుసార్లు ఓటేశాడు. ఆ రెండుసార్లూ ఏ చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పేవాడు. "ఓటు అడగడానికి ఎవుడూ రాని ఇంట్లో మనిషి అద్దెకున్నట్టే లెక్క" అన్నది ఆయన మాట. నా పన్నెండేళ్ళ వయసులో విన్నాను. ఇప్పటికీ ఎవరైనా రాజకీయాలు మనకెందుకు అంటే ఆ మాటే నోటికొస్తుంది.

ఆయనకి ఒక ఆచారం ఉండేది. కొత్త గీతలు పేపర్లో వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే, ఆ మ్యాపు కత్తిరించి అట్టకి అంటించి, కాన్వాసు బూట్లు వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, వార్డు సరిహద్దు మొత్తం నడిచేవాడు. అంగుళం వదిలేవాడు కాదు. "గీసేవోళ్ళు కూకుని గీస్తారు. ఎవుడో ఒకడు నడిచి సూడాల కదా" అనేవాడు. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. పెద్ద కాలువ మీది చిన్న వంతెన దగ్గర ఆగి, అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, "ఈ కాలు మనది. ఈ కాలు వాళ్ళది. ఏ కాలికి దెబ్బ తగిలితే ఎవురి ఆఫీసుకి ఎల్లాల?" అన్నాడు. ఒక కాఫీ షాపు దగ్గర గీత సరిగ్గా మధ్యలోంచి పోయింది. "సూసినావా, తిండి మన వార్డులో, వొంట పక్క వార్డులో." అక్కడ బట్టలు ఆరేస్తున్న తమిళ ఆంటీని ఆపి, మీరిప్పుడు ఏ వార్డులో ఉన్నారో తెలుసా అని అడిగాడు. ఆవిడ నీళ్ళు పిండుతూ, "తెరియాదు అంకుల్. కొళాయిలో నీళ్ళొస్తున్నాయి, చాలు లా" అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ "లా"తో సహా. ఆయన నవ్వాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. దారంతా తిట్టుకుంటూ నడిచాను.

ఆయన ఆ కోపానికి మేత కూడా వేశాడు. ముప్పై ఏళ్ళుగా తను తిరిగిన బ్లాకుల్లో తలుపుల కింద తోసిన ఎన్నికల కరపత్రాలన్నీ ఒక అట్టపెట్టెలో దాచాడు. అన్ని పార్టీలవీ, స్వతంత్రులవీ. నాకు పదహారు రాగానే ఆ పెట్టె మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. బస్సులో, క్యాంటీన్లో, పరీక్షల ముందు రోజు కూడా అవే చదివాను. ఒకే కాలిబాటకి పైకప్పు వేస్తామని మూడు ఎన్నికల్లో మూడు రంగుల కాగితాల మీద రాశారు. మూడోసారికి ఆ కాలిబాట పక్క వార్డులోకి వెళ్ళిపోయింది. ప్రాతినిధ్యం, జవాబుదారీ, పౌరుడి హక్కు లాంటి మాటలన్నీ నాకు ఆ కాగితాల్లోంచే వచ్చాయి. ఇంట్లో కూర బాగాలేదన్నా అదే గొంతుతో అనేవాడిని. అంకుల్ ఏడిపించేవాడు. "నువ్వు మాటాడితే కరపత్రం సదివినట్టే ఉంటాది. అడుగున అచ్చేసినోడి పేరొక్కటే తక్కువ."

కిందటి ఎన్నికకి మా వార్డు పెద్ద నియోజకవర్గంలో కలిసి ఉంది. పోటీ జరిగింది. ఇక్కడ ఓటుకి ఇరవై ఒకటి నిండాలి, నాకింకా రాలేదు. కుర్రాళ్ళందరూ చెయ్యాల్సిన సైన్యం డ్యూటీ నుంచి ఒక రోజు సెలవు మీద వచ్చాను. సాయంత్రం కాఫీ షాపులో అంకుల్ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో గుర్తింపు కార్డు. ఇన్నాళ్ళకి మూడో ఓటు అని నేనే ఎక్కువ సంబరపడుతూ, "ఎలా జరిగింది అంకుల్?" అన్నాను. "క్యూ పొడుగ్గా ఉంది బాబూ" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఇక్కడ వేలికి సిరా పూయరు. అడిగి తెలుసుకోవాల్సిందే.

పోయిన ఏడాది మ్యాపు వచ్చింది. మా వార్డు మళ్ళీ పుట్టింది. ఒంటి సీటు, పాత పేరు. ఈసారి నా వయసు చాలు, నా పేరు ఓటర్ల రిజిస్టర్లో ఉంది. ఆ ఆదివారం ఆయన నడవలేదు. మోకాళ్ళు నొప్పి అన్నాడు. నేనొక్కడినే నడిచి వచ్చి ఆయనకి అంతా చెప్పాను. ఆయన ఆ కాఫీ షాపు ఏ వైపుందో ఒక్కటే అడిగాడు.

ఈసారి వాకోవర్ కానివ్వకూడదని మేం కొందరం పట్టుబట్టాం. మా ఎదురు బ్లాకులో రిటైరైన టీచరు ఒకావిడ ఉంది. మలయ్‌లో టీచరుని చిక్గు అంటారు, ఆవిడని అందరం అలాగే పిలుస్తాం. ఆవిడ స్వతంత్రంగా నిలబడతానంది. అధికార పార్టీ అభ్యర్థికి ఎదురు నిలబెట్టడానికి మిగతా పార్టీలేవీ మా వైపు చూడలేదు, కాబట్టి ఆవిడ లేకపోతే పోటీ లేదు. ఇక్కడ అభ్యర్థికి అదే వార్డు ఓటర్లు ఆరుగురు కావాలి. ప్రతిపాదించేవాళ్ళొకరు, బలపరిచేవాళ్ళొకరు, సమ్మతి సంతకానికి నలుగురు. ఆ ఆరుగురూ నామినేషన్ రోజున అభ్యర్థితో పాటు స్వయంగా రావాలి. తలుపు తలుపూ తిరిగాం. టీ ఇచ్చారు, జాగ్రత్త చెప్పారు, సంతకానికి మాత్రం రాలేమన్నారు. చివరికి ఐదుగురం తేలాం. ఆరో మనిషి ఎవరన్న అనుమానం నాకు మొదటి నుంచీ లేదు.

అడగ్గానే అంకుల్ నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. "బోలే బాబూ, బోలే" అన్నాడు. అలాగే, తప్పకుండా అని. ఇప్పుడు తల్చుకుంటే ఆ చెయ్యి తడిగా ఉంది. అప్పుడు అది ఆనందమనుకున్నాను.

చిక్గు నాతో అంది, "అందరి పేర్లూ రిజిస్టర్లో చూసుకోమను. ఇంకో ఇద్దర్ని అదనంగా పెట్టుకుందాం." కింద నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, అమ్మే కొట్టు ఆయన వస్తానన్నాడు కూడా. నేనే వద్దన్నాను. "అంకుల్ ఒక్కడు పదిమందికి సమానం చిక్గు" అన్నాను. ఆయన పేరు రిజిస్టర్లో ఉందా అని ఆయన్నే అడగడం నాకు అవమానంలా తోచింది. పూజారిని స్నానం చేశావా అని అడిగినట్టు. ఈ తప్పు నాదే, దాచుకోను. కాగితం మీద సంతకాలు పెట్టిన రోజున ఆయన కళ్ళద్దాలు మర్చిపోయానన్నాడు. నామినేషన్ రోజు పొద్దున అక్కడే పెడతాను అన్నాడు. అదీ నమ్మాను.

నామినేషన్ ఒక స్కూల్లో. పదకొండు నుంచి పన్నెండు వరకు, ఒక్క గంట. పదిన్నరకి ఐదుగురం, చిక్గు చేరాం. పదకొండుకి ఫోన్ చేశాను, మోగుతోంది, తీయలేదు. పదకొండుంపావుకి మళ్ళీ. చిక్గు మెల్లగా, "ఒంట్లో బాగుందో లేదో, ఎవరినైనా పంపు" అంది. ఆయనకి ఏమైనా అయిందేమోనన్న భయం అప్పుడు మొదలైంది. నాసి లెమాక్ ఆయనకి ఫోన్ చేస్తే సరుకు కోసం దూరంగా ఆంగ్ మో కియోలో ఉన్నానన్నాడు. టాక్సీ ఎక్కినా అందడు. గేటు దగ్గర నిలబడి పోయే వచ్చే వాళ్ళని, మీరు మా వార్డేనా, మా వార్డేనా అని అడిగాను. ఒకాయన నన్ను చూసి రోడ్డు దాటి అవతలి వైపు నడిచాడు.

పన్నెండు అయింది. తలుపులు మూశారు. లోపల ఒకే ఒక్క పేరు చదివారు. బయట చప్పట్లు, ఈలలు. నా మొదటి ఓటు, మా వార్డు ఓట్లన్నీ, ఆ చప్పట్లలో అయిపోయాయి. చిక్గు నా భుజం మీద చెయ్యి వేసి, "ముందు వెళ్ళి ఆయన్ని చూడు" అంది.

ఆయన బతికే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కాళ్ళకి బూట్లు, లేసులు కట్టి ఉన్నాయి. ఫోను ముందున్న బల్ల మీద ఉంది.

"ఎందుకు రాలేదు?" అన్నాను. అంకుల్ అని పిలవలేదు.

"నా పేరు లేదు బాబూ. రిజిస్టర్లో లేదు."

"లేకపోవడమేమిటి?"

"కిందటిసారి ఓటెయ్యలేదు నాను. ఎయ్యకపోతే పేరు తీసేస్తారు, నీకు తెలుసు కదా."

తెలుసు. ఓటు వేయనివాళ్ళ పేరు కొట్టేస్తారు, అర్జీ పెట్టుకుంటే మళ్ళీ చేరుస్తారు. ఈ రూలు నాకు చెప్పిందే ఆయన.

"క్యూ దాకా ఎల్లినాను" అన్నాడు. "ఆ గోడ మీద పెద్ద నియోజకవర్గం పేరు రాసుంది. మన పేరు ఎక్కడా లేదు. ఆ పేరు కింద ఓటేస్తే, మన వార్డు పోయిందని నానే ఒప్పుకున్నట్టు అనిపించింది. తిరిగొచ్చేసినాను."

"అర్జీ పెట్టుకోవచ్చు కదా. ఇన్నేళ్ళు టైముంది."

"కారణం రాయాల. జొరమని అబద్దం రాయలేను. ఉన్నది రాస్తే నవ్వుతారు."

"నాకెందుకు చెప్పలేదు? నెల రోజులు రోజూ వచ్చాను మీ దగ్గరికి. ఒక్క మాట చెప్తే ఇంకొకర్ని తెచ్చుకునేవాళ్ళం."

ఆయన బూట్లకేసి చూశాడు. "ప్రతి పొద్దున్నా చెప్దామనే అనుకున్నాను. ఈ పొద్దున కూడా బూట్లేసుకున్నాను, అక్కడికొచ్చి చెప్దామని. నువ్వు నన్ను చూసే చూపొకటుంది. అది పోతాదని..."

"ఇప్పుడు పోయింది" అన్నాను.

అది నేను ఆయనతో అన్న ఆఖరి మాట. ఆ సాయంత్రమే కరపత్రాల పెట్టె తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో పెట్టేసి వచ్చాను. బెల్ కొట్టలేదు.

నేను కఠినంగా ఉన్నానని మీరు అనుకోవచ్చు. మా అమ్మ అనుకుంది. చిక్గు కూడా, నిలబడే అవకాశం పోగొట్టుకున్న మనిషే, ఆదివారాలు ఆయనకి కూర పంపేది. "ముసలాయన, సిగ్గుపడ్డాడు, అంతే" అంది. సిగ్గుపడే హక్కు అందరికీ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆయన సిగ్గుకి ఒక వార్డు మొత్తం ఓటు పోగొట్టుకుంది. గీతలు ఎవరో గీశారని నాకు పదేళ్ళు కోపం నేర్పిన మనిషి, చేతికొచ్చిన ఒక్క ఎన్నికని తన కుర్చీలో కూర్చుని పోనిచ్చాడు. ఎదుటివాళ్ళు చేస్తే దాన్ని నేను ఏమని రాసేవాడిని? ఆయన చేశాడని వేరే మాట వెతకను.

బ్లాకు కింద గోడల్లేని ఖాళీ జాగాలో ఆయన్ని పడుకోబెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, పొట్లాల నీళ్ళు. నేననుకున్నదానికంటే చాలా మంది వచ్చారు. ఆయన ఉత్తరాలు వేసిన బ్లాకుల వాళ్ళు, తమ ఫ్లాటు నంబరు చెప్పి పరిచయం చేసుకుంటున్నారు. ఆయన ఉంటే ఆ నంబర్లు ఏ వార్డులోవో చెప్పేవాడు. నేను దూరంగా నిలబడ్డాను.

వాళ్ళమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అంటాను. ఇక్కడే పుట్టి పెరిగింది.

"డాడీ నీకు చెప్పాడా? ఆయన పేరు మళ్ళీ వచ్చింది, లా."

"ఏ పేరు?"

"ఓటర్ల లిస్టులో. నామినేషన్ అయిన వారానికే నన్ను కూర్చోబెట్టి ఫామ్ నింపించాడు. రీజన్ ఆయనే రాశాడు, నన్ను మార్చనివ్వలేదు." ఫోన్లో ఫోటో తీసి ఉంచింది, చూపించింది. ఆయన ఇంగ్లీషు పోస్టాఫీసు ఇంగ్లీషు, పొట్టి వాక్యాలు. క్యూ దాకా వెళ్ళాను. తిరిగి వచ్చాను. జ్వరం లేదు. తప్పు నాది. నా వల్ల మా బ్లాకులో ఒక కుర్రాడి మొదటి ఓటు పోయింది. మళ్ళీ చేర్చగలరు.

"పేరు చేర్చినట్టు లెటర్ వచ్చింది. రోజూ జేబులో పెట్టుకుని కిందికి దిగేవాడు, నీకు చూపిస్తానని. చూపించలేదా?"

"లేదు" అన్నాను.

అంత రాయగలిగిన మనిషి, ఎవరో తెలియని ఆఫీసరుకి రాశాడు. నాకు చెప్పాల్సిన నెల రోజుల్లో చెప్పలేదు. ఆ కాగితం చదివాక కూడా నా కోపం పోలేదు, పోయిందని ఇక్కడ రాస్తే అబద్ధం. జ్వరమని రాయలేని మనిషి గురించి రాస్తూ నేను అబద్ధం ఆడను.

కానీ "చూపించలేదా" అన్నదానికి నేను చెప్పిన జవాబు పూర్తి జవాబు కాదు. రెండు నెలల క్రితం ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాను. లిఫ్టు కింద ఆగి ఉంది. లోపల ఆయన ఒక్కడే. చొక్కా జేబులోంచి తెల్ల కవరు అంచు కనిపిస్తోంది. తలుపు మూసుకోబోతుంటే మీట నొక్కి పట్టుకుని, "బాబూ, ఒక్క మాట" అన్నాడు. నేను పక్కనున్న మెట్ల వైపు తిరిగాను. మొదటి అంతస్తు ఎక్కాను, రెండోది ఎక్కాను. మూడో అంతస్తులో ఊపిరి కోసం ఆగి, పిట్టగోడ మీంచి కిందికి చూశాను. లిఫ్టు ఇంకా అక్కడే ఉంది. లోపలి ట్యూబులైటు వెలుగు నలుచదరంగా నేల మీద పడి ఉంది, అందులో ఆయన నీడ. నీడలో ఆ చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. చాలాసేపు ఆ తలుపు మూసుకోలేదు.